కడదాకా చూసుకుంటామన్న మాట: జపాన్ ఇళ్లలో పెంపుడు జంతువులు

వార్డులో మంచం పక్కన కూర్చున్న బంధువులు మమ్మల్ని మందుల గురించి, పథ్యం గురించి అడుగుతుంటారు. అప్పుడప్పుడు కొంచెం మొహమాటపడుతూ ఇంకొక ప్రశ్న కూడా వేస్తారు. "సిస్టర్, ఇంట్లో కుక్క ఉంది. నాన్నగారిని ఇంటికి తీసుకెళ్లాక దాన్ని ఆయన దగ్గరికి రానివ్వవచ్చా?" "అమ్మ పిల్లి మీద బెంగ పెట్టుకుంది సిస్టర్, అన్నం సరిగా తినడం లేదు. ఏం చేయమంటారు?"

ఇవి నవ్వి వదిలేయవలసిన ప్రశ్నలు కావు. రోగి మనసు దేని మీద ఉందో తెలుసుకోవడం కూడా సేవలో భాగమే. ఇటువంటి ప్రశ్నలు ఇల్లిల్లా, ఆస్పత్రి ఆస్పత్రిలో ఎదురవుతున్న దేశం ఒకటి ఉంది. అది జపాన్. వృద్ధులు ఎక్కువైన దేశం, పిల్లలు తక్కువైన దేశం, పెంపుడు జంతువులను సొంత బిడ్డల్లా చూసుకునే దేశం. అక్కడివారు ఈ విషయంలో ఏమి బాగా చేశారో, ఎక్కడ ఇబ్బంది పడ్డారో తెలుసుకుంటే మన ఇళ్లలోని రోగులను చూసుకోవడానికి కూడా పనికి వస్తుంది.

పిల్లలకంటే జంతువులే ఎక్కువ

2023 లెక్కల ప్రకారం జపాన్‌లో 15 ఏళ్లలోపు పిల్లలు సుమారు 1 కోటి 43 లక్షల మంది. అదే సంవత్సరం ఇళ్లలో పెంచుతున్న కుక్కలు సుమారు 68 లక్షలు, పిల్లులు సుమారు 90 లక్షలు. రెండూ కలిపితే 1 కోటి 58 లక్షలు దాటుతాయి. అంటే ఇంట్లో ఆడుకునే పిల్లలకంటే కుక్కలు, పిల్లులే ఎక్కువ. జనాభాలో ప్రతి 100 మందిలో 29 మంది 65 ఏళ్లు దాటినవారు. 2020 జనాభా లెక్కల్లో ప్రతి 100 కుటుంబాలలో 38 ఒంటరిగా ఒక్కరే ఉండే ఇళ్లు.

పూర్వం అక్కడ కూడా కుక్క అంటే వాకిట్లో కట్టేసి ఉండే కాపలా జంతువే. పిల్లి ఎలుకలను పట్టడానికి ఉండేది. ఇప్పుడు రెండూ ఇంటి లోపలికి వచ్చాయి. పట్టణాలలో ఫ్లాట్లు ఇరుకుగా ఉంటాయి కాబట్టి చిన్న జాతి కుక్కలనే ఎక్కువగా పెంచుతారు. కుక్కలను పెంచడానికి అనుమతి లేని భవనాలు కూడా ఉన్నాయి. కుక్కను రోజూ బయట తిప్పాలి, ఖర్చూ ఎక్కువ. అందుచేత 2008లో సుమారు 1 కోటి 30 లక్షలుగా ఉన్న కుక్కల సంఖ్య తగ్గుతూ వచ్చింది. 2017 నుండి పిల్లుల సంఖ్య కుక్కలను మించింది.

జపాన్‌వారు తమ కుక్కను గాని పిల్లిని గాని "ఉచి నో కో" అంటారు. "మా ఇంటి బిడ్డ" అని అర్థం. పిల్లలు పెళ్లిళ్లు చేసుకుని దూరంగా వెళ్లిపోయాక, భర్త గాని భార్య గాని చనిపోయాక, ఆ ఇంట్లో పలకరింపుకు మిగిలేది చాలాసార్లు ఆ ప్రాణి ఒక్కటే.

జపాన్ కుక్కలనగానే చాలామందికి హచికో గుర్తుకొస్తుంది. యజమాని ఉఏనో అనే ప్రొఫెసర్ 1925లో హఠాత్తుగా చనిపోయారు. ఆ సంగతి తెలియని కుక్క, 1935లో తాను చనిపోయేవరకు, టోక్యోలోని షిబుయా రైల్వే స్టేషను దగ్గర ఆయన కోసం ఎదురుచూస్తూనే ఉంది. ఆ స్టేషను ముందు దాని విగ్రహం ఇప్పటికీ ఉంది. కుక్క విశ్వాసం గురించి అందరికీ తెలుసు. ఈనాడు జపాన్ సమాజం ముందున్న ప్రశ్న వేరు. మనిషి ఆ కుక్కను కడదాకా చూసుకుంటాడా? తాను మంచం పడితే దానిని ఎవరు చూస్తారు?

ఆరోగ్యానికి మేలు ఉందా?

ఉంది. కాని దానిని సరిగా అర్థం చేసుకోవాలి.

2015లో జపాన్‌లోని అజాబు విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఒక విషయం కనుగొన్నారు. కుక్క, దాని యజమాని ఒకరి కళ్లలోకి ఒకరు ప్రేమగా చూసుకున్నప్పుడు ఇద్దరి శరీరంలోనూ ఆక్సిటోసిన్ అనే హార్మోను పెరుగుతుంది. పాలిచ్చే తల్లిలో ఊరే హార్మోను ఇదే. తల్లీ బిడ్డల మధ్య మమకారం పెరగడానికి తోడ్పడేది కూడా ఇదే. కుక్కను నిమిరితే మనసు తేలికపడిందని చెప్పేవారు ఊరికే చెప్పడం లేదన్నమాట.

టోక్యోలో 65 ఏళ్లు దాటిన 11 వేల మందికి పైగా వృద్ధులను కొన్ని సంవత్సరాలపాటు గమనించి 2023లో ఫలితాలు ప్రకటించారు. కుక్కను పెంచేవారిలో డిమెన్షియా (మతిమరుపు వ్యాధి) వచ్చే అవకాశం, పెంచనివారితో పోలిస్తే సుమారు 40 శాతం తక్కువగా కనిపించింది. పిల్లిని పెంచేవారిలో అటువంటి తేడా కనిపించలేదు. ఎందుకని? కుక్కను పెంచేవారిలో కూడా రోజూ వ్యాయామం చేసేవారికి, నలుగురితో కలిసి ఉండేవారికే ఈ మేలు బాగా కనిపించింది. కుక్క ఉంటే పొద్దున్నే లేవాలి, చెప్పులు వేసుకుని బయటకు నడవాలి, దారిలో పక్కింటివారిని పలకరించాలి. ఆ నడక, ఆ పలకరింపే మందులాగా పనిచేస్తాయి.

కుక్కను చూసుకోగల ఓపిక ఉన్నవారు మొదటి నుండీ కొంత ఆరోగ్యంగా ఉండే అవకాశం కూడా ఉంది. కాబట్టి ఇది చదివి ముసలి తల్లిదండ్రులకు మందు కొన్నట్టు కుక్కపిల్లను కొని ఇవ్వకండి. రోజూ అరగంట వారి చేయి పట్టుకుని మీరే నడిపిస్తే ఆ మేలులో చాలా భాగం అందుతుంది.

ఆస్పత్రిలోకి వచ్చిన కుక్క

2010లో జపాన్‌లోని షిజుఓకా పిల్లల ఆస్పత్రిలో బెయిలీ అనే గోల్డెన్ రిట్రీవర్ కుక్క పనిలో చేరింది. ఒకే ఆస్పత్రిలో ఉంటూ సిబ్బందితో పాటు రోజూ పనిచేసే ఇటువంటి కుక్క ఆ దేశంలో అదే మొదటిది. తరువాత కనగావా పిల్లల ఆస్పత్రిలో కూడా పనిచేసింది. నర్సుగా నాకు ఎంతో నచ్చిన సంగతి ఏమిటంటే, బెయిలీని పట్టుకుని వార్డులో తిరిగింది ఒక నర్సే. సూది అంటే భయపడే బిడ్డ మంచం మీద పడుకోవడం, ఆపరేషన్ గదికి వెళ్లే బిడ్డకు తోడుగా నడవడం, నడవనని మొరాయించే బిడ్డతో నాలుగు అడుగులు వేయించడం దాని పనులు. అది జబ్బును నయం చేయలేదు. వైద్యం చేయించుకోవడానికి బిడ్డకు ధైర్యం ఇచ్చింది.

ఇది చదివి ఇంటి కుక్కను వార్డులోకి తేవచ్చునని అనుకోకూడదు. ఆ కుక్కకు ప్రత్యేకమైన శిక్షణ ఉంటుంది. టీకాలు, ఆరోగ్య పరీక్షలు, శుభ్రత అన్నీ లెక్క ప్రకారం జరుగుతాయి. ఏ బిడ్డ దగ్గరికి వెళ్లవచ్చో డాక్టర్లు, నర్సులు నిర్ణయిస్తారు.

జంతువును దగ్గరికి తీసుకురాలేని చోట్ల కోసం జపాన్‌వారు పారో అనే బొమ్మను తయారు చేశారు. అది సీల్ అనే సముద్ర జంతువు పిల్ల రూపంలో ఉండే రోబో. నిమిరితే కదులుతుంది, కూత పెడుతుంది. డిమెన్షియా ఉన్న వృద్ధులు కొందరు దానిని ఒడిలో పెట్టుకుని శాంతపడతారు. కరవదు, రోగం తేదు. అయినా అది బొమ్మే. రోజూ చూడవచ్చే మనిషికి బదులు కాదు.

ముద్దుకంటే ముందు టీకా

జపాన్ నుండి మనం ముఖ్యంగా నేర్చుకోవలసింది ఇక్కడ ఉంది.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత జపాన్‌లో కూడా రేబిస్ (పిచ్చికుక్క కాటు జబ్బు) ప్రబలి ఏటా పదుల సంఖ్యలో మనుషులు చనిపోయేవారు. 1950లో ప్రభుత్వం రేబిస్ నివారణ చట్టం తెచ్చింది. ప్రతి కుక్కను నమోదు చేయించాలి. ప్రతి సంవత్సరం టీకా వేయించాలి. యజమాని లేని కుక్కలను పట్టుకున్నారు. ఏడేళ్లు తిరిగేసరికి ఆ జబ్బు దేశంలో లేకుండా పోయింది. 1957 తరువాత అక్కడ ఒక్క కుక్కకు గాని, అక్కడి కుక్క కాటు వల్ల ఒక్క మనిషికి గాని రేబిస్ రాలేదు.

ఇప్పటికీ ఆ చట్టం అమలులోనే ఉంది. మూడు నెలలు దాటిన ప్రతి కుక్కను మునిసిపాలిటీలో నమోదు చేయించాలి. నమోదు బిళ్ల, ఆ ఏటి టీకా బిళ్ల కుక్కకు తగిలించి ఉండాలి. తప్పితే 2 లక్షల యెన్ల వరకు జరిమానా ఉంటుంది. జబ్బు పోయి ఇన్నేళ్లయింది కదా అని కొందరు అశ్రద్ధ చేస్తున్నారు. నమోదైన కుక్కలలో 70 శాతం వాటికే ఏటేటా టీకా పడుతోందని అక్కడి అధికారులు ఆందోళన పడుతున్నారు.

జబ్బు దేశంలో లేకపోయినా బయటి నుండి రావచ్చు. 2006లో ఫిలిప్పీన్స్‌లో కుక్క కరిచిన ఇద్దరు జపాన్‌వారు టీకాలు వేయించుకోకుండానే ఇంటికి తిరిగి వచ్చారు. ఇద్దరూ రేబిస్‌తో చనిపోయారు. పెద్ద ఆస్పత్రులు, మంచి మందులు ఉన్న దేశం కూడా వారిని కాపాడలేకపోయింది. లక్షణాలు బయటపడిన తరువాత రేబిస్‌కు మందు లేదు. కరిచిన వెంటనే తీసుకునే జాగ్రత్తే ప్రాణం నిలుపుతుంది.

మన దేశంలో రేబిస్ ఇప్పటికీ ఉంది. కాబట్టి కుక్క, పిల్లి, కోతి ఏది కరిచినా, గోళ్లతో గీరినా, పుండు మీద నాకినా గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం, ఆకుపసరు పెట్టవద్దు. కట్టు గట్టిగా కట్టవద్దు. అదే రోజు ఆస్పత్రికి రండి. డాక్టరుగారు చెప్పిన తేదీలన్నిటికీ వచ్చి టీకాలు పూర్తి చేయండి. "మా ఇంటి కుక్కే కదా, చిన్న గాటే కదా" అని ఆగవద్దు.

మరికొన్ని జబ్బులు

పిడుదుల (గోమార్ల) వల్ల వచ్చే ఎస్.ఎఫ్.టి.ఎస్. అనే వైరస్ జ్వరాన్ని జపాన్‌లో 2013లో మొదటిసారి గుర్తించారు. ఇందులో కూడా డెంగీలో లాగా ప్లేట్‌లెట్లు పడిపోతాయి. 2016లో జబ్బుతో నీరసించిన వీధి పిల్లిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లబోయిన ఒక మహిళను ఆ పిల్లి కరిచింది. ఆమె ఈ జ్వరంతోనే మరణించింది. ఆమె చేసింది మంచి పనే. కాని జబ్బు చేసిన జంతువును వట్టి చేతులతో పట్టుకోకూడదని ఆ మరణం నేర్పింది. 2025లో జబ్బు పిల్లికి వైద్యం చేసిన ఒక పశువైద్యుడు కూడా ఇదే జబ్బుతో చనిపోయారు.

పిల్లి మలం ద్వారా టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి వ్యాపిస్తుంది. గర్భిణీ స్త్రీలకు, కడుపులోని బిడ్డకు ఇది ప్రమాదం. అది మలంలో నుండి బయటపడిన ఒకటి రెండు రోజుల తరువాతనే అంటుకునే శక్తి పొందుతుంది. అందుచేత పిల్లి మలాన్ని ప్రతిరోజూ తీసివేయాలి. ఆ పని గర్భిణీ చేయకూడదు.

కేన్సర్ మందులు వాడేవారు, అవయవ మార్పిడి చేయించుకున్నవారు, స్టెరాయిడ్ మాత్రలు ఎక్కువ కాలం వాడేవారు, మందులతో అదుపులోకి రాని ఎయిడ్స్ రోగులు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వీరిలో రోగాన్ని ఎదుర్కొనే శక్తి తక్కువ. చక్కెర వ్యాధి ఉన్నవారి కాలి పుండును కుక్క నాకకుండా చూడాలి. జంతువు ఉండటమే తప్పు కాదు. అది మంచం మీద పడుకోవడం, ముఖం నాకడం, కుట్లు వేసిన చోట తగలడం తప్పు.

యజమాని మంచం పడితే?

జపాన్‌లో కుక్క సగటున 14 ఏళ్లు, పిల్లి 15 ఏళ్లు బ్రతుకుతున్నాయి. 70 ఏళ్ల వయసులో కుక్కపిల్లను తెచ్చుకున్న పెద్దాయనకు, అది ముసలిదయ్యే నాటికి 84 ఏళ్లు వస్తాయి. అప్పటికి ఆయనకు మోకాళ్లు పట్టుకుపోతాయి, కుక్కకు చూపు మందగిస్తుంది. ఒకరిని ఒకరు చూసుకోలేని స్థితి వస్తుంది. అందువల్లనే అనాథ జంతువులను పెంపకానికి ఇచ్చే సంస్థలు అక్కడ చాలావరకు వయసు మళ్లినవారు ఒంటరిగా ఉంటే ఇవ్వవు, లేదా తరువాత చూసుకునే మనిషి ఎవరో పేరు రాసి ఇమ్మంటాయి.

ఇందులో ప్రాణం మీదికి వచ్చే సంగతి ఇంకొకటి ఉంది. ఆస్పత్రిలో చేరమని డాక్టరు చెబితే "నా పిల్లికి అన్నం ఎవరు పెడతారు? నేను చేరను" అనే వృద్ధులు అక్కడ ఉన్నారు. అలా వాయిదా వేయడంతో జబ్బు ముదురుతుంది. ఇది మొండితనం కాదు. తనను నమ్ముకున్న ప్రాణిని వదలలేని బాధ. వారికి కావలసింది మందలింపు కాదు, "నేను చూసుకుంటాను, నువ్వు చేరు" అనే ఒక మనిషి మాట.

యొకోసుకా పట్టణంలో 2012లో మొదలైన ఒక వృద్ధాశ్రమం, వృద్ధులు తమ కుక్కను, పిల్లిని వెంట తెచ్చుకుని అక్కడే ఉండటానికి అనుమతిస్తోంది. యజమాని ముందుగా చనిపోతే ఆ జంతువును సిబ్బంది చూసుకుంటారు. ఇటువంటివి అక్కడ కూడా అరుదే.

2011 మార్చిలో భూకంపం, సునామీ, ఫుకుషిమా అణు కర్మాగారం ప్రమాదం ఒకేసారి వచ్చినప్పుడు జపాన్‌వారికి మరొక గుణపాఠం దొరికింది. రెండు మూడు రోజుల్లో తిరిగి వస్తామనుకుని చాలామంది కుక్కలను కట్టేసి వెళ్లారు. తిరిగి రాలేకపోయారు. 2013లో పర్యావరణ మంత్రిత్వ శాఖ, విపత్తు వస్తే పెంపుడు జంతువును వెంట తీసుకునే బయలుదేరాలని మార్గదర్శకాలు ఇచ్చింది. అందుకు తగినట్టు మేత, మందు, తాడు ముందే మూట కట్టి ఉంచుకోమంది.

చట్టం కూడా మారింది. జంతువును దాని జీవితం ముగిసేవరకు చూసుకోవడం యజమాని బాధ్యత అని 2012లో సవరించిన చట్టం చెబుతోంది. సరైన కారణం లేకుండా "మాకు వద్దు" అని తెచ్చి ఇచ్చే కుక్కలను, పిల్లులను తీసుకోకుండా తిప్పి పంపే అధికారం ప్రభుత్వ కేంద్రాలకు ఇచ్చింది. 2022 నుండి అమ్మకానికి ఉన్న ప్రతి కుక్కకు, పిల్లికి చర్మం కింద మైక్రోచిప్ పెట్టాలి. యజమాని ఎవరో దానివల్ల తెలుస్తుంది. 1974 ప్రాంతంలో ఒక్క ఏడాదిలో 12 లక్షలకు పైగా కుక్కలను, పిల్లులను ప్రభుత్వ కేంద్రాలలో చంపేవారు. 2022 నాటికి ఆ సంఖ్య 12 వేలకు దిగింది. చట్టంతో పాటు ఆపరేషన్లు చేయించడం, అనాథ జంతువులకు ఇళ్లు వెతకడం, ప్రజల మనసు మారడం ఇందుకు కారణాలు.

అది పోయినప్పుడు

పెంచుకున్న ప్రాణి చనిపోతే జపాన్‌వారు దహనం చేయించి, అస్థికలు దాచుకుని, గుడిలో ప్రార్థన చేయిస్తారు. టోక్యోలో 1657లో కట్టిన ఎకోఇన్ గుడిలో జంతువుల కోసం కూడా ప్రార్థనలు జరుగుతాయి. మనకు ఇది వింతగా తోచవచ్చు. కాని ఒంటరి వృద్ధురాలికి 14 ఏళ్లు తోడున్న కుక్క పోతే నిద్ర పట్టదు, ఆకలి వేయదు, బీపీ మాత్ర వేసుకోవాలని కూడా గుర్తుండదు. అటువంటప్పుడు "కుక్కే కదా, ఇంకొకటి తెచ్చుకుందాం లే" అనకండి. కాసేపు పక్కన కూర్చుని దాని కబుర్లు చెప్పనివ్వండి. వారాలు గడిచినా తిండి, నిద్ర సరిపడకపోతే డాక్టరుగారికి చూపించండి.

కుటుంబ సభ్యులు చేయవలసినవి

1. రోగిని చేర్పించేటప్పుడు ఇంట్లో జంతువు ఉందా, దానిని ఎవరు చూస్తున్నారు అన్నది నర్సుకు చెప్పండి. ఇటీవల కరిచినా గీరినా తప్పక చెప్పండి.

2. "నీ కుక్కకు పాలు పోశాం, బాగుంది" అని రోజూ రోగికి చెప్పండి. ఫోనులో ఫోటో చూపించండి. లేని సంగతి చెప్పవద్దు.

3. రోగి ఇంటికి వచ్చేలోపు కుక్కకు రేబిస్ టీకా, నులిపురుగుల మందు వేయించండి. పిడుదులు ఉంటే పశువైద్యునికి చూపించి తీయించండి. కుక్కకు బలంగా దూకే అలవాటు ఉంటే కొన్నాళ్లు తాడు వేసి ఉంచండి. వృద్ధులు తూలి పడితే తుంటి ఎముక విరగవచ్చు.

4. జంతువును ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి. రోగి కంచం, గ్లాసు, పడక దానికి అందకుండా ఉంచండి.

5. పెద్దవారికి జంతువును తెచ్చి ఇచ్చేముందు, వారి తరువాత దానిని ఎవరు చూస్తారో ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. ఆ మనిషి లేకపోతే తేవద్దు.

జపాన్‌వారు సంపన్నులు కాబట్టి ఇవన్నీ చేయగలిగారని అనుకోనవసరం లేదు. 1950లో యుద్ధంలో కాలిపోయిన పట్టణాలతో, చేతిలో డబ్బు లేకుండా వారు రేబిస్ మీద పని మొదలుపెట్టారు. ఏటా ఒక సూది, ఒక బిళ్ల, ఒక సంతకం. పెద్ద పని అంత చిన్న పనులతోనే జరిగింది.

రేపు మీ నాన్నగారు ఇంటికి వచ్చినప్పుడు గుమ్మం దగ్గర తోక ఊపుతూ ఎదురుచూసే ప్రాణి ఉంటే దానిని తరిమివేయవద్దు. దానికి టీకా వేయించారా, ఆయన కుట్లకు అది తగలకుండా చూశారా అన్నది చూసుకోండి. ఆ తరువాత ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి, దాని తల మీద ఒకసారి చేయి వేయనివ్వండి. చేతులు కడుక్కోవడానికి సబ్బు, నీళ్లు పక్కనే ఉంచండి.